1939లో రెండు తొమ్మిదులు: చిత్తూరు డబ్బాలోని మూడు నాణేల పరిశీలన

పోయిన వేసవిలో చిత్తూరు కట్టమంచి నుంచి ఒక పెద్దావిడ, ఆమె అల్లుడు తిరుపతిలోని మా ఇంటికి వచ్చారు. పసుపు గుడ్డలో కట్టిన చిన్న స్టీలు డబ్బా ఆమె ఒడిలో ఉంది. అందులో మూడు నాణేలు. భర్త బస్సు కండక్టరుగా పనిచేసి, పదవీ విరమణ చేసిన కొన్నేళ్లకు కాలం చేశారు. ఉద్యోగంలో ఉండగా సంచిలోకి వచ్చిన వింత నాణేలను తన జేబులోని డబ్బుతో మార్చుకుని ఇంటికి తెచ్చి దాచుకునేవారట. ఆయన పోయాక ఆ డబ్బా దేవుడి గూట్లో చేరింది.

అల్లుడు ఫోనులో ఒక ప్రకటన చూసి ఆ మూడింటి ఫోటోలు ఎవరికో పంపాడు. అవతలి మనిషి అరగంటలో ఫోన్ చేసి, వాటిలో ఒక్కదానికే 45 లక్షలు వస్తాయన్నాడు. రిజర్వు బ్యాంకు పేరుతో ఒక గుర్తింపు కార్డు బొమ్మ పంపాడు. రిజిస్ట్రేషన్ కోసమని 6,500 రూపాయలు కట్టించుకున్నాడు. ఇప్పుడు పన్ను పేరుతో మరో 38,000 అడుగుతున్నాడు. గాజులు కుదువపెట్టే ముందు ఎవరికైనా చూపిద్దామని ఆమె పట్టుబట్టడంతో, తెలిసినవాళ్ల ద్వారా నా దగ్గరికి వచ్చారు.

నేను ముప్పై ఏళ్లుగా దక్షిణాది నాణేలు సేకరిస్తున్నాను. ఎవరు ఏ నాణెం తెచ్చినా కథ తర్వాత వింటాను, ముందు నాణెం చూస్తాను. కథ వింటే కళ్లు దాని వెంటే పోతాయి. నాణెం మీద ఉన్న లోహం, బరువు, తేదీ, విలువ, అక్షరాల తీరు, అంచు, వీటన్నిటికీ ఒకదానితో ఒకటి పొత్తు కుదరాలి. ఏ రెండింటికి పొసగకపోయినా అక్కడ ఆగాలి. నా పద్ధతి ఇంతే. ఈ మూడింటిలో ఒకదాని విషయంలో ఆ పద్ధతిని నేనే సగంలో వదిలేశాను. అందుకే ఇది రాస్తున్నాను.

మొదటిది అయిదు రూపాయల బిళ్ల. రెండు వైపులా నాలుగు సింహాల బొమ్మే, బొరుసు లేదు. టంకశాలలో పొరపాటున ఇలా పడిందని, ఇలాంటిది దేశంలో ఇదొక్కటేనని ఫోను మనిషి చెప్పాడట. 1992 నుంచి 2004 దాకా వచ్చిన ఈ మందపాటి కుప్రోనికెల్ (రాగి, నికెల్ కలిపిన లోహం) అయిదు రూపాయలు 9 గ్రాముల బరువు, 23 మిల్లీమీటర్ల వెడల్పు ఉంటాయి. ఇది నా కాటా మీద 8.71 తూగింది. వాడకంలో అరిగి కాస్త తగ్గవచ్చు. కానీ దీని మీద సింహాల జూలు గీతలు కూడా చెరగలేదు. అరగని నాణెం ఇంత బరువు కోల్పోదు.

ఇలాంటివి తయారుచేసే విధానం తెలిస్తే ఎక్కడ చూడాలో తెలుస్తుంది. ఒక నాణేన్ని లేతు యంత్రం మీద లోపల తొలిచి గిన్నెలా చేస్తారు. రెండోదాని అంచు మొత్తం కోసేసి పలుచని బిళ్లగా మార్చి, ఆ గిన్నెలోకి బిగిస్తారు. కాబట్టి అతుకు చుట్టుకొలత మీద కనిపించదు. ఒక ముఖం మీద, ఎత్తైన అంచు లోపలి వైపు మొదట్లో ఉంటుంది. ఇంద్రజాలం చేసేవాళ్లు వాడేవి ఇవే. పందెం కోసం చేయించుకునేవాళ్లూ ఉన్నారు. మందం ఉన్న నాణెం ఈ పనికి బాగా వీలవుతుంది కనుక ఈ అయిదు రూపాయల బిళ్లను ఎంచుకుంటారు.

పెద్దావిడ చేతికే చిటికెడు టాల్కం పౌడరు ఇచ్చి, రెండు ముఖాల మీదా రుద్ది మెత్తటి గుడ్డతో తుడవమన్నాను. ఒక వైపు శుభ్రంగా వచ్చింది. రెండో వైపు అంచు లోపల వెంట్రుకంత సన్నని తెల్లని వలయం మిగిలింది. ఆమె దాన్ని వెలుతురులో తిప్పి తిప్పి చూసి, "మూత పెట్టినట్టుంది కదయ్యా" అన్నారు. అంతకంటే బాగా నేను చెప్పలేను. (విలువైన నాణెం మీద మాత్రం పౌడరు కాదు కదా, ఉత్త గుడ్డ కూడా రుద్దకూడదు.) ఈ రకం నాణేలకు తేదీ, విలువ, టంకశాల గుర్తు ఉండే బొరుసే ఉండదు. ఎప్పటిది, ఎక్కడిది అన్న ప్రశ్నకు జవాబు చెప్పే ముఖాన్నే చెక్కి పారేసిన వస్తువు అది.

రెండోదే ఆ 45 లక్షల నాణెం. ఒక వైపు శ్రీరామ పట్టాభిషేకం: సీతారాములు, లక్ష్మణ భరత శత్రుఘ్నులు, కాళ్ల దగ్గర హనుమంతుడు. రెండో వైపు ఇంగ్లీషు అక్షరాల్లో ఈస్టిండియా కంపెనీ పేరు, వన్ అణా అన్న విలువ, 1818 అన్న సంవత్సరం, వాటి మధ్య యుకెఎల్ అనే మూడు అక్షరాలు. దీనికి అయస్కాంత శక్తి ఉందని, బియ్యం గింజలను లాగుతుందని, ఉపగ్రహాల తయారీకి విదేశాల వాళ్లు కొంటారని ఫోను మనిషి చెప్పాడు. రాయలసీమలో ఈ రైస్ పుల్లింగ్ మాట వినని ఊరు లేదు. పొలాలు అమ్ముకున్నవాళ్లు నాకు తెలుసు.

ఇది నకిలీ అనడానికి చాలామంది చెప్పే కారణం ఒకటుంది: తెల్లవాళ్లు నాణేల మీద మన దేవుళ్లను వేయరు కదా అని. ఆ కారణం తప్పు. మద్రాసు కంపెనీ వరహాల మీద విష్ణువు ఉన్నాడు. 1807 ప్రాంతంలో మద్రాసు టంకశాల వేసిన వెండి అర వరహా మీద ఒక వైపు నక్షత్రాల నడుమ గుడి గోపురం, మరో వైపు చుక్కల నడుమ విష్ణువు ఉంటాయి. చుట్టూ అరవ అక్షరాలతో పాటు మన తెలుగు అక్షరాలు కూడా ఉంటాయి. అంతకు రెండు వందల ఏళ్ల ముందు, పక్కనే ఉన్న చంద్రగిరి నుంచి ఏలిన వేంకటపతిరాయల వరహాల మీద తోరణం కింద నిలుచున్న స్వామి, వెనక నాగరి లిపిలో 'శ్రీ వేంకటేశ్వరాయ నమః' ఉంటాయి. దేవుడి బొమ్మ ఉన్న నాణెం మనకు వింత కాదు. తప్పుడు కారణంతో నిజం చెబితే, రేపు ఎవరో ఆ అర వరహా బొమ్మ చూపించి ఈమె నమ్మకాన్ని మళ్లీ ఆ మోసగాడి వైపు తిప్పగలరు. అందుకే సరైన కారణాలే చెప్పాలి.

సరైన కారణాలు ఈ బిళ్ల మీదనే ఉన్నాయి. 1818లో చిత్తూరు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉంది. ఇక్కడి బజారు లెక్క వరహాలు, ఫణాలు, కాసులు: వరహాకు 42 ఫణాలు, ఫణానికి 80 కాసులు. సరిగ్గా ఆ ఏడాదే మద్రాసు వరహా లెక్కను వదిలి రూపాయి లెక్కకు మారింది. దేశమంతటికీ ఒకే రకం నాణేలు 1835లో గానీ రాలేదు. ఆ తర్వాత కూడా కంపెనీ రాగిలో వేసినవి అర్ధణా, పావణా, అంతకంటే చిన్నవి మాత్రమే. ఒక అణా రాగి నాణెం కంపెనీ ఎన్నడూ వేయలేదు. అణా బిళ్ల చెలామణికి వచ్చింది ఇరవయ్యో శతాబ్దం మొదట్లో, ఏడో ఎడ్వర్డు రాజు కాలంలో, అదీ కుప్రోనికెల్‌లో, అలల అంచుతో. అంటే ఈ బిళ్ల మీద ఉన్న సంవత్సరానికి, విలువకు, లోహానికి, మూడింటికీ ఒకదానితో ఒకటి పడదు. యుకెఎల్ అనే అక్షరాలు కంపెనీ నాణేల మీద ఎక్కడా లేవు.

ఇక లోహం. నా కాటా గ్రాములో నూరో వంతు చూపుతుంది. బిళ్ల 21.80 గ్రాములు తూగింది. గ్లాసులో సగానికి నీళ్లు పోసి కాటా మీద పెట్టి, అంకెను సున్నా చేశాను. బిళ్లకు సన్నని దారం కట్టి, అడుగు తగలకుండా నీళ్లలోకి దింపాను. కాటా 2.80 చూపింది. బిళ్ల పక్కకు తోసిన నీటి బరువు అది. 21.80ని 2.80తో భాగిస్తే 7.8 వస్తుంది. రాగికి 8.9 రావాలి. 7.8 అంటే ఇనుము. పైన రాగి పూత, లోపల ఇనుము. అయస్కాంతానికి అంటుకోవడంలోని మహిమ అదే. రాగి నాణెం ఏదీ అయస్కాంతానికి అంటుకోదు. బియ్యం సంగతికి వస్తే, గింజలకు ముందే ఇనుప పొడి పట్టించి ఉంచుతారు.

లెక్క చెబుతున్నంతసేపు అల్లుడు గోడ వైపు చూస్తున్నాడు. ఆమె మాత్రం భూతద్దం అడిగి తీసుకున్నారు. హనుమంతుడి తోక మెలిక దగ్గర పూత లేచి, అక్కడ ఎర్రగా పొడిపొడిగా ఉంది. "ఇది తుప్పు కదా" అని అడిగారు. తుప్పే. రాగికి పచ్చని కిలుము పడుతుంది, ఎర్రగా పొడిగా రాలదు. ఏటా శ్రీరామ నవమికి చింతపండుతో తోమేదాన్నని ఆవిడే చెప్పారు. ఆ పులుపుకే పూత పోయి లోపలి ఇనుము బయటపడింది.

అప్పుడే ఆమె అసలు ప్రశ్న అడిగారు. "అయితే మా ఆయన మోసపోయారా అయ్యా?" లేదని చెప్పాను. నిజంగానే లేదు. పట్టాభిషేకం బొమ్మతో బిళ్లలు చేసి పూజలో పెట్టుకోవడం మన దగ్గర పాత అలవాటు. రామటంకా అంటారు. బంగారంలో, వెండిలో, ఇత్తడిలో చేసేవారు. వాటి మీద ఎన్నడూ లేని సంవత్సరాలు కూడా వేసేవారు, ఎందుకంటే అవి చెలామణి కోసం కాదు, పూజ కోసం. ఈ బిళ్ల ఆ వరుసలో చివరి చవక సరుకు. పూజ సామాను పక్కన కొద్దిపాటి ధరకు ఆయన కొనుక్కుని ఉంటారు. దాన్ని పూజకు పెట్టుకున్నవాడు మోసపోలేదు. దాని మీద 45 లక్షలు వస్తాయని చెప్పినవాడు మోసగాడు.

మూడోది అయిదో జార్జి రెండో కుమారుడు ఆరో జార్జి బొమ్మతో ఉన్న వెండి రూపాయి. తేదీ 1939.

నాణేలు సేకరించేవాళ్లకు ఆ తేదీ చూస్తే గుండె ఒక్కసారి కొట్టుకోవడం మరిచిపోతుంది. ఆరో జార్జి రూపాయల్లో అరుదైనది, అందరూ వెతికేది అదే. ఫోను మనిషి దాన్ని పట్టించుకోనే లేదు, అదొక్కటే నాకు ఇంకా ఆశ కలిగించింది. తూచాను: 11.58. కొత్త రూపాయికి 11.66 ఉండాలి, కాస్త అరిగింది కనుక సరిపోయింది. నీళ్లలో 1.12. భాగిస్తే 10.3 పైన. నూటికి 91.7 పాళ్లు వెండి ఉన్న లోహానికి రావలసినది అదే. అంచు చూశాను. యుద్ధకాలంలో, 1940 నుంచి, వెండిని సగానికి తగ్గించి, దొంగ నాణేలు పోయకుండా అంచు గీతల మధ్య ఒక గాడి పెట్టారు. దీనికి ఆ గాడి లేదు, 1939కి ఉండకూడదు కూడా. రాలిపడితే గంట కొట్టినట్టు మోగింది.

అన్నీ సరిపోయాయి. "అమ్మా, ఇది మంచిదేలా ఉంది" అన్నాను. ఆమె ముఖంలో వచ్చిన వెలుగు నాకు ఇప్పటికీ గుర్తుంది. ఆ మాట నేను అనకుండా ఉండవలసింది.

నేను చేసిన తప్పు ఇది. బరువు, లోహం, అంచు, మోత, ఈ నాలుగూ నాకు చెప్పినది ఒక్కటే: ఇది యుద్ధానికి ముందటి అసలైన వెండి రూపాయి అని. ఆ మాట 1938 రూపాయికి కూడా అంతే నిజం. రెండు సంవత్సరాల లోహం ఒకటే, బరువు ఒకటే, అంచు ఒకటే. విలువంతా చివరి అంకెలో ఉంది. నాలుగు పరీక్షలు చేసి, అసలు చేయవలసిన అయిదోది చేయకుండానే నోరు జారాను. దొంగ నాణెం పోసేవాడు లోహం దగ్గర దొరుకుతాడు. అసలు నాణేన్ని తీసుకుని ఒక్క అంకె దిద్దినవాడు లోహం దగ్గర దొరకడు.

నాణేన్ని ఒక రోజు ఉంచమని అడిగి, రసీదు రాసి ఇచ్చాను. రాత్రి మళ్లీ చూశాను. చింతపండు ఇక్కడా తన పని చేసింది. అంకెలు దిద్దిన చోట లోహం రంగు చుట్టుపక్కల కంటే కొత్తగా కనిపించాలి. ఏళ్ల తరబడి తోమడంతో నాణెమంతా ఒకే తెలుపు అయింది. ఆ ఆనవాలు పోయింది.

తెల్లవారాక తూర్పు కిటికీ దగ్గర కూర్చుని, ఏటవాలుగా ఎండ పడేలా నాణేన్ని పట్టుకుని, పది రెట్లు పెద్దగా చూపే లూపు కింద తేదీ ఒక్కటే చూశాను. 1939లో తొమ్మిదులు రెండు ఉన్నాయి. ఒకే అచ్చు మీద, ఒకే పనివాడి చేతి నుంచి వచ్చిన రెండు తొమ్మిదులు కవలల్లా ఉండాలి. మొదటి తొమ్మిదికి తల పెద్దది, తోక సన్నగా కిందికి దిగి మెల్లగా వంగింది. రెండోదానికి తల చిన్నది. కింది వంపు లావుగా, తలకంటే వెడల్పుగా, పడవ అడుగులా ఉంది. చిన్న తల, పెద్ద కడుపు: అది ఎనిమిది అంకె ఆకారం. కడుపులో ఎడమ పక్క గోడను మాత్రం ఎవరో చెక్కేశారు. చెక్కిన చోట నేల కొద్దిగా పల్లంగా ఉంది. ఆ పల్లంలో అయిదారు గీతలు, అన్నీ ఒకే వాలులో ఉన్నాయి. నాణెం మీద వాడకం వల్ల పడే గీతలు అన్ని దిక్కులా పోతాయి. ఒకే వాలు గీతలు పనిముట్టువి.

నా పళ్లెంలోని 1938 రూపాయి తీసి పక్కన పెట్టాను. దాని ఎనిమిది తల, ఈ రెండో తొమ్మిది తల ఒకే కొలత. ఇక అనుమానం లేదు.

ఈ రెండు అంకెల పోలిక చూడడానికి పుస్తకం అక్కరలేదు, ఇంకో నాణెం కూడా అక్కరలేదు. నకిలీ అంకె పక్కనే అసలు అంకె సాక్షిగా కూర్చుని ఉంది. ఈ సంగతి తెలియక ఈ తేదీకి పెద్ద మొత్తం పోసినవాళ్లను నేను చూశాను. 1939 రూపాయి కొనేవాళ్లెవరైనా ధర మాట్లాడేముందు ఆ రెండు తలలను కొలిచి చూడండి.

ఆమెకు ఫోన్ చేయడం కష్టమైంది. నిన్న చెప్పిన మాట వెనక్కి తీసుకుంటున్నానని, తొందరపడ్డది నేనేనని చెప్పాను. రెండు రోజుల తర్వాత ఇద్దరూ మళ్లీ వచ్చారు. లూపు ఇచ్చి, "రెండు తొమ్మిదుల్లో ఏది అక్క, ఏది చెల్లెలు చెప్పండమ్మా" అన్నాను. ఆమె చాలాసేపు చూసి, "ఇవి ఒక తల్లి పిల్లలు కావు" అన్నారు.

డబ్బు సంగతి. ఆర్‌బీఐ పాత నాణేలు కొనదు, అలాంటి లావాదేవీలకు రుసుము గానీ కమిషన్ గానీ ఎవరి దగ్గరా అడగదు. ఆ బ్యాంకే 2021 ఆగస్టులో ఈ మోసాల గురించి ప్రజలను హెచ్చరించింది. కొనేవాడు అమ్మేవాడికి డబ్బు ఇస్తాడు. అమ్మేవాడి దగ్గరే ముందుగా డబ్బు అడిగే బేరం బేరమే కాదు. ఈ మాట అల్లుడికి అందరికంటే ముందే తెలుసని, ఒప్పుకోలేకపోతున్నాడని నాకు అనిపించింది. కట్టిన రసీదులు, ఆ మనిషి పంపిన సందేశాలు చెరపకుండా ఉంచమని చెప్పి, నా ఎదుటే సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేయించాను. ఫిర్యాదు నమోదైంది. ఆ 6,500 ఇది రాసేనాటికి వెనక్కి రాలేదు. 38,000 మాత్రం కట్టలేదు, గాజులు చేతికే ఉన్నాయి.

అడగకపోయినా ఇంకొక మాట కూడా చెప్పాను. ఈసారి ఎవరైనా చంద్రగిరి కోట పక్కన తవ్వకంలో దొరికిన వరహా అని తెస్తే, ఆ కథ నమ్మి కొనవద్దని. కథ అబద్ధమైతే అది నకిలీ. నిజమైతే 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం ప్రకారం దాన్ని కలెక్టరుకు తెలియజేయాలి, గుట్టుగా అమ్మకూడదు. రెండు విధాలా అది మన చేతికి రాకూడని వస్తువు.

అయిదు రూపాయల బిళ్లను మనవడికి ఇస్తానన్నారు. నాణేలను కోయడం, కరిగించడం 2011 నాటి నాణేల చట్టం కింద నేరం, ఇలాంటివి చేయించాలని వాడికి సరదా పుట్టకుండా చూసుకోమన్నాను. పట్టాభిషేకం బిళ్ల మళ్లీ దేవుడి గూటికే వెళ్తుంది. ఇక చింతపండు పెట్టవద్దని, తడి లేకుండా తుడిస్తే చాలని చెప్పాను.

రూపాయి దగ్గర చిన్న పేచీ వచ్చింది. అందులో పది గ్రాములకు పైగా మేలిమి వెండి ఉంది, అంకె దిద్దినా ఆ విలువ ఎక్కడికీ పోదు. నేను దాన్ని పారదర్శక కవరులో పెట్టి, 1938 రూపాయి, చివరి అంకె మార్చినది అని రాయబోయాను. అల్లుడు అడ్డుపడ్డాడు. రాయకుండా వదిలేయమన్నాడు, ఎప్పుడో ఎవరో 1939 అనుకుని కొనవచ్చు కదా అన్నాడు. అతన్ని తప్పుపట్టలేకపోయాను. ఇప్పుడే డబ్బు పోగొట్టుకున్న మనిషి. కానీ రాయకుండా ఇవ్వనని చెప్పాను. దిద్దిన నాణెం పేరు లేకుండా బయటికి వెళ్తే, దిద్దినవాడి పనిని మనం పూర్తి చేసినట్టే.

పెద్దావిడ నా చేతిలోని పెన్ను తీసుకున్నారు. కవరు మీద తనే, బడిలో నేర్చిన గుండ్రని అక్షరాలతో, "1938. ఎనిమిదిని తొమ్మిది చేసినారు" అని రాశారు. కింద తన భర్త పేరు, బస్సు నడిచిన దారి పేరు రాసి, డబ్బాలో పెట్టి, పసుపు గుడ్డ ముడి వేశారు.